పిల్లికి బిచ్చము



లోభిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు "పిల్లికి కూడా బిచ్చము పెట్టనివాడు" అనేవారు. దానములన్నిటిలో చిన్నది పిల్లికి పెట్టే ముద్ద అనియు, అది కూడా పెట్టనివాడు ఇక ఎవరికీ పెట్టడనియు ఆ మాటకు అర్థము. అరువది రెండేండ్ల వయస్సు వచ్చువరకు నేనును అలాగే అనుకున్నాను. కిందటి యేడు మా యింటికి రెండు పిల్లులు వచ్చిన తరువాత గాని ఆ బిచ్చము చిన్నది కాదని నాకు తెలియలేదు. ఇంత చిన్న విషయము మన పత్రికలో వ్రాయవచ్చునా అని కొన్నాళ్ళు సందేహించాను. అయితే దీని వలన నా మనస్సులో పుట్టిన ప్రశ్నలు పిల్లితో ఆగలేదు గనుక వ్రాయుచున్నాను.

మాది కనిగిరి ప్రాంతము. ఇరువది యెనిమిదేండ్ల క్రిందట ఉపాధ్యాయునిగా కర్ణాటకకు వచ్చి, రెండు మూడు ఊళ్ళు తిరిగి, చివరకు గుడిబండెలో నిలిచిపోయాము. ఈ ఊరు ఎరుగనివారి కొరకు రెండు మాటలు. 2007లో కోలారు నుండి విడదీసి ఏర్పరచిన చిక్కబళ్ళాపురము జిల్లాలో, బాగేపల్లికి సమీపమున ఉన్న తాలూకా పట్టణమిది. రాతికొండ మీద అంచెలంచెలుగా కట్టిన కోట, దిగువన భైరసాగరమను పెద్ద చెరువు ఉన్నవి. ఆఫీసులలో కన్నడము, వీధులలో తెలుగు. ఇక్కడివారి తెలుగు విని మొదట మేము నవ్వుకున్నాము. ఇప్పుడు మా పిల్లలు ఆ తెలుగే మాట్లాడతారు, కనిగిరికి వెళ్ళినప్పుడు అక్కడివారు మమ్మును చూచి నవ్వుతారు. వలస వచ్చినవారి కథ ఎక్కడైనా ఇంతే కదా.

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. అక్కడ దిక్కులేని జంతువులను చేరదీసి, మందు వేయించి, ఇల్లు చూచి అప్పగించేవారు అనేకులున్నారు. 'క్యూపా' అను సంస్థ 1991 నుండి ఈ పని చేయుచున్నది. సంస్థల సహాయము లేకుండ సొంత డబ్బుతో చేసేవారును ఉన్నారు. అమ్మాయి ఉండే వీధిలో ఒక పాత ఇల్లు కూలగొట్టుచుండగా లోపల ఒక తల్లిపిల్లి, దాని పిల్ల దొరికినవి. పక్కింటి ఆవిడ వాటిని పది దినములు తన స్నానపు గదిలో దాచి, ఎవరైనా తీసికొనిపోతారా అని వెదకుచుండగా, మా అమ్మాయి "మా నాన్నగారి ఇంటికి పెరడు ఉన్నది" అని మాట యిచ్చివేసినది. మమ్మును అడిగినది మాత్రము మరునాడు.

ఒక శనివారము సాయంత్రము బస్సులో, కన్నములు పొడిచిన అట్టపెట్టెలో అవి వచ్చినవి. తల్లి బూడిదరంగు చారలది, కుడి చెవి కొంచెము చినిగియున్నది. పిల్ల ఆరు వారములది, తెల్లనిది. పెట్టె తెరచిన వెంటనే తల్లి బీరువా క్రిందికి దూరినది. ఆదివారము మధ్యాహ్నము వరకు బయటికి రాలేదు. పిల్ల మాత్రము మా యింటావిడ కాళ్ళ చుట్టు తిరిగి అరచినది. ఆమె వెంటనే గిన్నెలో పాలు పోసినది. పిల్లి అనగానే పాలు అని ఎవరికి తెలియదు? పిల్లి కళ్ళు మూసుకొని పాలు త్రాగుట సామెత, ఉట్టి మీద పాలకుండ కథ. తెనాలి రామకృష్ణుని కథ కూడ మనము పిల్లలకు చెప్పియున్నాము. రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలు పోయుటకు ఒక ఆవును ఇచ్చారట. రామకృష్ణుడు మొదటి దినమే కాగే పాలు పెట్టి దాని మూతి కాల్చి, తరువాత పాలన్నీ తానే త్రాగాడట. రాజు పరీక్షకు వచ్చినప్పుడు ఆ పిల్లి పాలు చూచి పారిపోయినది. ఆ కథకు మనమందరము నవ్వినవారమే. పాలు లేకుండ ఆ పిల్లి ఇన్నాళ్ళు ఏమి తిని బ్రతికినదని మాత్రము మనలో ఎవరును అడగలేదు.

మేము పాలు పోశాము. ఆ రాత్రి పాలలో రాగి సంగటి పిసికి పెట్టాము. పిల్ల తిన్నది, పొట్ట ఉబ్బునట్లు తిన్నది. దానిని చూచి మాకు కలిగిన ఆనందము ఇంతింత కాదు. ఆకలిగొన్న ప్రాణికి కడుపునిండ పెట్టామని తృప్తిగా నిద్రపోయాము. సోమవారము దానికి విరేచనములు పట్టుకున్నవి. పాలు తగ్గించక, నీరసించినదని మరికొంచెము పోశాము. బుధవారము ఉదయము అది తల ఎత్తలేదు. తువ్వాలలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసికొనిపోతే డాక్టరుగారు చర్మము క్రింద సెలైను ఎక్కించి, మందు ఇచ్చి, "ఏమి పెట్టారు సార్?" అని అడిగారు.

పాలు, సంగటి అని చెప్పాను. "మేము ప్రేమగానే పెట్టామండి" అని కూడ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"ప్రేమ సరే సార్. దాని కడుపుకు ఏమి కావాలో అది పెట్టాల గదా" అన్నారు ఆయన.

గురువారము రాత్రి ఆ పిల్ల చనిపోయినది. తల్లి అప్పటికి బీరువా క్రింద నుండి వచ్చి దాని ప్రక్కనే పడుకొనియున్నది. మరునాడు నేను మరల వెళ్ళి, పాలే దాని ప్రాణము తీసినవా అని డాక్టరుగారిని సూటిగా అడిగాను. ఆయన న్యాయముగా మాట్లాడారు. పాలొక్కటే కారణమని చెప్పలేను, కడుపులో పురుగులున్నవి, వయస్సు చిన్నది, ప్రయాణపు బడలిక ఉన్నది, అయితే విరేచనములు పట్టిన పసిప్రాణికి పాలు మరింత పోయుట మాత్రము మేలు చేయలేదు అని చెప్పారు. అంతకు మించి ఓదార్పు నేను కోరలేదు, ఆయన ఇవ్వలేదు.

ఆ దినము ఆయన వద్ద నేను నేర్చుకొన్నది, తరువాత చదివి తెలిసికొన్నది ఇక్కడ వ్రాస్తాను. మన పిల్లలు చాలామంది పట్టణములలో ఇట్టి ప్రాణులను చేరదీయుచున్నారు గనుక ఎవరికైనా ఉపయోగపడవచ్చును.

కుక్క మన అన్నముతో సర్దుకొనగలదు. వేల సంవత్సరములు మనిషితో తిని దాని కడుపు ధాన్యమునకు కొంత అలవాటు పడినది. పిల్లి అట్లు కాదు. టారీన్ అను ఒక పదార్థము దానికి అవసరము, గాని దాని దేహము దానిని చాలినంతగా తయారు చేసికొనలేదు. అది మాంసములో, చేపలో ఉంటుంది. గుండెకాయలో అధికముగా ఉంటుంది. బియ్యములో, రాగిలో, కూరగాయలలో లేదు. ఇది లేని తిండి తినే పిల్లులకు కంటిలోపలి పొర చెడి చూపు పోవునని 1975లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు వెల్లడించారు. గుండె కండరము పలుచబడి ఉబ్బి చనిపోవుటకు కూడ ఈ లోపమే కారణము కాగలదని 1987లో తేలినది. ఆ పిల్లులలో అనేకము కంపెనీలు అమ్మే పొట్లముల తిండి తినుచున్నవే. అప్పటి నుండి కంపెనీలు టారీన్ ఎక్కువగా కలుపుచున్నవి. అంతేకాదు, క్యారెట్టులోని పసుపు పదార్థమును మనము విటమిన్ 'ఏ'గా మార్చుకొంటాము, పిల్లి మార్చుకొనలేదు. దానికి తీపి రుచియే తెలియదని 2005లో కనుగొన్నారు. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర జీర్ణము కాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తమునకు విషము, గనుక మన కూరలో మిగిలిన ముక్క కడిగి పెట్టినను మంచిది కాదు. అట్లని ఉత్త కండ మాత్రమే పెట్టినను పిల్లకూనలకు సున్నము చాలక ఎముకలు మెత్తబడతవి. కార్జము దినదినము పెడితే విటమిన్ 'ఏ' మితిమీరి కీడు చేస్తుంది. కొన్ని పచ్చి చేపలలో బి-1 విటమిన్‌ను నాశనము చేసే గుణమున్నది. వండిన ఎముక పగిలి గొంతులో గుచ్చుకొంటుంది.

ఇదంతయు వింటే భయము వేస్తుంది. నాకును వేసినది. ఒక పిల్లికి అన్నము పెట్టుట ఇంత శాస్త్రమా అనిపించినది. మా వీధి చివర ఒక అవ్వ ఉన్నది, డెబ్బది దాటినది. ఆమెతో ఈ సంగతి చెప్తే నవ్వినది. "మా యింట్లో ఎన్ని పిల్లులు పెరిగినాయో! మజ్జిగ సంగటి తప్ప ఏమి పెట్టినాము? ఒక దానికి కన్ను పోలేదు, గుండె పోలేదు" అన్నది. ఆ మాట నన్ను రెండు దినములు వేధించినది. అవ్వ అబద్ధమాడదు. డాక్టరుగారును అబద్ధమాడరు. ఇద్దరి మాటయు ఎట్లు నిజము కాగలదు?

ఆలోచించగా నాకు తోచినది ఇది. అవ్వ చిన్ననాడు ప్రతి ఇంటను రాగులు పాతరలలోను గాదెలలోను ఉండెడివి. ఈ ప్రాంతములో పట్టుపురుగులను పెంచే ఇండ్లును చాల ఉన్నవి. ధాన్యమును పట్టుపురుగులును ఉన్నచోట ఎలుకలు ఉంటవి. పిల్లి మనిషి వద్దకు వచ్చినదే ఎలుక కొరకు. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి మనిషి సమాధి ప్రక్కన పిల్లి అస్థిపంజరము దొరికినది. ధాన్యము నిల్వచేయుట మొదలైన కాలములోనే పిల్లి మన గడప యొద్దకు వచ్చినదని పండితులు చెప్తారు. దానిని ఎవరును పిలిచి పెట్టలేదు. అవ్వ యింటి పిల్లి రాత్రియంతయు ఎలుకలను, తొండలను, పిచ్చుకలను తిని ఉదయము వచ్చి మజ్జిగ సంగటి రుచి చూచి పడుకొనెడిది. దానికి కావలసిన టారీన్ ఎలుకలో ఉన్నది, సున్నము ఎలుక ఎముకలలో ఉన్నది. అవ్వ పెట్టిన ముద్ద దానికి చిరుతిండి మాత్రమే. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలు లేకుండ బ్రతికిన రహస్యము కూడ ఇదే అయియుండవచ్చును.

ఇప్పుడు మన ఇండ్లలో గాదెలు లేవు. నెలకు పది కిలోల బియ్యపు సంచి ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. కిటికీలకు వల ఉన్నది, వీధిలో బండ్లున్నవి, గనుక పిల్లిని లోపలనే ఉంచుతాము. ఉంచుట మంచిదే. అయితే దానిని లోపల ఉంచి తలుపు వేసిన దినమున ఎలుక చేసే పని మన మీద పడినది. ఇది నేను గ్రహించలేదు. అవ్వ ఆచారమును తెచ్చుకొన్నాను, అవ్వ ఇంటిలోని గాదెను తెచ్చుకొనలేకపోయాను. ఊరు విడిచి వచ్చిన మనకు ఇది క్రొత్త పొరపాటు కాదు. ఊరిలో సరిపోయిన పద్ధతిని, దానికి ఆధారమైనది ఏమిటో చూడకుండ, ఇక్కడికి మూట కట్టుకొని వస్తాము.

ఇక తల్లిపిల్లి మిగిలినది. దానికి మాంసము పెట్టవలెనని నిశ్చయించుకొన్నాము. నిశ్చయించుకొనుట సులభమే, ఆ తరువాత రెండు చిక్కులు వచ్చినవి.

మొదటిది మా యింటి యజమాని. ముందు భాగములో వారు, వెనుక భాగములో మేము. ఆయన శాకాహారి, నా కంటె నాలుగేండ్లు పెద్ద. ఇంటిలో చేరిన దినమున నేను ఆయనకొక మాట యిచ్చాను. మాంసము ఆదివారము మాత్రమే, అదియు పెరటిలోని పొయ్యి మీద మాత్రమే వండుతాము అని. ఆయన అడగలేదు, నేనే చెప్పాను. ఇన్నేండ్లలో ఒక్కసారియు తప్పలేదు. ఇప్పుడు పిల్లి కొరకు వారమునకు ఏడు దినములు మాంసము కావలెను. "పిల్లికి కదా, మనకు కాదు కదా, చెప్పకుండ వండుదాము" అన్నది మా యింటావిడ. పొగకు అది ఎవరి కొరకో తెలియదు గదా అన్నాను.

వెళ్ళి చెప్పాను. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత "మేష్టరుగారూ, పెరుగన్నము పెట్టి చూడరాదా? మా చిన్నప్పుడు మా అమ్మ పెట్టేది. అలవాటు చేస్తే అదీ సాత్వికముగా మారదా?" అన్నారు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆయనకు జీవహింస నిజముగా బాధ. పెట్టే చేతికి మరియొక ప్రాణి రక్తము అంటకూడదను కోరిక గొప్పదే. నేను ఆయనకు టారీన్ సంగతి చెప్పాను, తెల్లపిల్ల సంగతి కూడ చెప్పాను. మన నియమము మనము పాటించుటకు ఏర్పరచుకొన్నది, దానిని పాటించు బలము మన దేహమునకు ఉన్నది, పిల్లి దేహమునకు లేదు, మన పుణ్యమునకు అది గ్రుడ్డిదగుట న్యాయమా అని అడిగాను. అడిగినప్పుడు నా గొంతు కొంచెము పెరిగినది, తరువాత సిగ్గుపడ్డాను. ఆయన లేచి లోపలికి పోయారు. మరునాడు ఉదయము పూలు కోయుచు, "సాయంత్రము అయిదు నుండి ఆరు వరకు నేను చెరువుకట్ట మీద నడవడానికి పోతాను. అప్పుడు వండుకోండి" అన్నారు. అంతే. ఆ గంట తప్ప మరియొక గంటలో ఆ పొయ్యి మేము వెలిగించలేదు.

రెండవ చిక్కు ఇంకను బరువైనది. మేము ఆదివారము మాత్రమే మాంసము తినేవారము. పిల్లి దినదినము తింటుంది. ఖర్చు తగ్గించవలెనని కోడికొట్టు వద్దకు వెళ్ళి, అమ్ముడుపోని తలలు, మెడలు, కాళ్ళు, గుండెకాయలు తక్కువ ధరకు ఇమ్మని మాట్లాడుకొన్నాను. ఎవరును తిననిది మా పిల్లి తింటుంది, ఎవరికిని నష్టము లేదు అని లోలోపల నన్ను నేను మెచ్చుకొన్నాను. మూడు వారములు అట్లు గడచినవి. ఒక సాయంత్రము వెనుక ఇంటి పాప, రెండవ తరగతి చదివేది, పెరటి గోడ మీద నుండి తొంగిచూచి, "తాతా, పిల్లికి దినామూ కోడికూరేనా?" అని అడిగినది. అసూయ లేదు ఆ ప్రశ్నలో. ఆశ్చర్యము మాత్రమే ఉన్నది.

మరునాడు కోడికొట్టులో ఆ మాట చెప్పి నవ్వబోయాను. కొట్టతను నవ్వలేదు. "సారూ, మీకు చెప్పకూడదనుకొన్నాను. ఈ తలకాయలు కాళ్ళు ముందర ఆ పాపోళ్ళ అమ్మే తీసుకపోతా ఉండె, శనివారం కొట్టు కట్టే పొద్దుకి. మీరు మేష్టరు, అడిగినారని మీకు ఎత్తిపెడతా ఉండాను" అన్నాడు.

పాఠకులారా, ఆ మాట విన్నప్పుడు నాకు ఎట్లుండెనో వ్రాయలేను. నేను వ్యర్థమని పేరు పెట్టినది ఒక ఇంటివారి శనివారపు కూర. నా కనికరము ఖర్చు తగ్గించుకొనుటకు ఆ పాప కంచములో చెయ్యి పెట్టినది. నేను అడగలేదు గనుక నాకు తెలియలేదు. అడగకపోవుటయే నా తప్పు.

ఆకలిగొన్న పిల్లలుండగా పిల్లికి మాంసమా అని అడిగేవారికి నా వద్ద అంతకు ముందు సిద్ధముగా ఒక జవాబు ఉండెడిది. ఆ దినము అది పనికిరాకపోయినది. మన బైబిలులోని అరువదియారు పుస్తకములలో ఇంటిపిల్లి పేరు ఎక్కడను లేదు, గనుక సూటియైన వాక్యము దొరకదు. అయితే కనాను స్త్రీ సంగతి మనకు తెలుసు. పిల్లల రొట్టె, బల్ల క్రింద పడే ముక్కలు అను సంభాషణ. బల్ల క్రింద ఉన్నదానిని అక్కడ ఎవరును తరిమివేయలేదు, పిల్లల ముందరిది లాగి దానికి వేయనును లేదు. నా పెరటిలో నేను రెండవది చేశాను. తప్పు పిల్లికి మాంసము పెట్టుటలో లేదు, అది ఎవరి వాటా నుండి వచ్చినదో చూడకపోవుటలో ఉన్నదని నా మట్టుకు నేను తేల్చుకొన్నాను. నాలుగు కిలోల పిల్లికి దినమునకు 200 నుండి 250 కేలరీల తిండి చాలును, అనగా మనిషి తిండిలో సుమారు పదియవ వంతు. ఆ పదియవ వంతు నా కంచము నుండి రావలెను. ఇప్పుడు కొట్టులో అందరితోబాటు నిలబడి మామూలు ధరకు మాంసము కొంటాను. సాయంత్రపు టిఫిను, నెలకొకసారి చిక్కబళ్ళాపురము వెళ్ళి తినే భోజనము మానివేశాము. శనివారపు తలలు కాళ్ళు మరల పాత దారినే పోవుచున్నవి. ఆ తల్లికి క్షమాపణ చెప్పవలెనని రెండుసార్లు గోడ వరకు వెళ్ళాను. చెప్తే ఆమె సిగ్గుపడుతుందేమోనని తిరిగి వచ్చాను. ఇది సరియో కాదో నాకు నిశ్చయము లేదు.

ఈ సందర్భములో ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. మనుష్యులను పిల్లితో పోల్చుచున్నానని ఎవరును అనుకొనవద్దు. పెట్టేవాని లెక్కను గూర్చి మాత్రమే చెప్పుచున్నాను. 1876-78 ధాతు కరవు మన సంఘముల వారెవరును మరువలేనిది. ఒంగోలు వద్ద క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిచ్చిన కాలమది. మేమిప్పుడుండే ఈ ప్రాంతము అప్పుడు మైసూరు సంస్థానములోనిది, ఆ సంస్థానములో జనాభాలో సుమారు అయిదవ వంతు నశించినది. ఆ కరవులో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి, కరవు పనిలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొంచెము రొక్కమును చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అనగా అరకిలో కూడ కాదు. ప్రభుత్వపు ఖర్చు ఎంత తగ్గించవలెనో ముందు చూచి, దానికి తగినట్లు కడుపును కొలిచాడు. మద్రాసు రాజధానిలో ఆరోగ్య శాఖాధికారియైన డాక్టరు కార్నిష్ దానిని ఎదిరించి, పని చేసే మనిషి దేహము ఆ తిండితో నిలువదని వాదించాడు. ఇద్దరును కరవువారికి పెట్టుటకు నియమింపబడినవారే. ఒకడు ఖజానా వైపు నుండి లెక్క మొదలుపెట్టాడు, ఒకడు కడుపు వైపు నుండి.

నా పాలగిన్నెలో దుర్మార్గము లేదు, అయినను నేనును నా వైపు నుండియే మొదలుపెట్టాను. నాకు పాలు ఇష్టము, సంగటి సులభము, పెట్టిన తృప్తి నాది. ఇంటి యజమాని పెరుగన్నములో ఆయన తృప్తి ఉన్నది. తలలు కాళ్ళు కొన్నప్పుడు నా పొదుపు ఉన్నది. ఇన్నిటిలో పిల్లి ఎక్కడ ఉన్నదో వెదకవలసి వచ్చినది. మన దేశములో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము, పెంచే జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవుటను కూడ హింసయే అన్నది. కొట్టుట మాత్రమే హింస అని నేను అనుకొనెడివాడను.

క్రొత్తగా తెచ్చుకొనేవారికి అనుభవము మీద కొన్ని మాటలు. మొదటి దినములలో పిల్లిని ఒక చిన్న గదిలో, దాగుకొనుటకు పెట్టెతో, నీళ్ళతో, ఇసుక తొట్టెతో వదలివేయండి, ఊరకే తొంగిచూడవద్దు. అంతవరకు ఎవరి యొద్ద ఉన్నదో వారిని అడిగి అదే తిండి మొదట పెట్టి, వారము పది దినములలో కొంచెము కొంచెముగా మార్చండి. చాలనాళ్ళు పస్తున్నదానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టవద్దు, కొంచెముగా పలుమార్లు పెట్టండి. రెండు దినములు ఏమియు ముట్టకపోతే కాలేయము చెడే ప్రమాదమున్నది, వెంటనే డాక్టరు వద్దకు పొండి. పిల్లకూనలకు దినమునకు నాలుగుసార్లు కావలెను. పురుగుల మందు మొదటి వారములోనే అడగండి. ఇంటిలో వండేవారు మాంసము ఉప్పు కారము లేకుండ ఉడికించి, టారీన్ నీటిలోనికి దిగిపోతుంది గనుక ఉడికిన నీళ్ళతోనే పెట్టండి. మేము సగము ఇట్లు పెట్టి, సగము సంపూర్ణాహారమని వ్రాసియున్న పొట్లము పెట్టుచున్నాము. పొట్లము అంటే మొదట నాకు చులకన ఉండెడిది. సున్నము, టారీన్ మనము ఇంటిలో తూచలేము గనుక ఇప్పుడు ఆ మాట అనను.

ఇంకొక ప్రశ్న తెగలేదు. ఈ ఒక్క పిల్లి బ్రతుకుటకు ఏడాదిలో ఎన్ని కోళ్ళు కావలెనో లెక్క వేయుటకు మనస్సు రాలేదు. యజమాని చెరువుకట్ట నుండి తిరిగి వచ్చునప్పుడు నేను గిన్నె కడుగుచుంటాను, ఆయన చూడనట్లు పోతారు. మా వాదము గెలిచినవారెవరో నాకు తెలియదు.

చారల పిల్లి ఇప్పుడు నాలుగు కిలోలున్నది. వెంట్రుకలు నిగనిగలాడుచున్నవి. రాత్రి మా యింటావిడ కాళ్ళ వద్ద పడుకొంటుంది. ప్రతి శనివారము ఉదయము యజమాని ఇంటి నుండి చిన్న స్టీలు గిన్నెలో పెరుగన్నము వస్తుంది, "పిల్లికి" అని. అల్లము, కరివేపాకు వేసి చక్కగా కలిపియుంటుంది. ఖాళీ గిన్నె కడిగి పంపుతాము. ఆయన మా యింటావిడను, "తింటున్నదా అమ్మా?" అని అడుగుతారు. ఆమె నా వైపు చూస్తుంది. ఆ పెరుగన్నము నేను తినుచున్నానని ఆయనకు ఇంకను చెప్పలేదు.